నలభై నాట్ల లోపల సిమ్యులేటర్ మాట నమ్మొచ్చా?

పోస్టు పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

వచ్చే ఏడాది నేను చేయబోయే ప్రాజెక్టు ఏంటని మొన్న గ్రూపులో అడిగితే, "హెలికాప్టర్ సిమ్యులేటర్ మోడల్, తక్కువ వేగం దగ్గర" అని ఒక్క లైన్ పెట్టి ఊరుకున్నాను. ఒక అన్న "గేమ్ ప్రాజెక్టా తమ్ముడూ" అన్నాడు. ఇంకో అన్న "ఆ టైమేదో గ్రూప్ టూకి పెట్టరాదూ" అన్నాడు. ఇద్దరి మీదా కోపం లేదు. మా ఇంట్లో కూడా దాదాపు అదే మాట. నేను చదివేది మెకానికల్ అని మా నాన్నకు తెలుసు, అంటే బండ్లు బాగుచేసే చదువు అనుకుంటాడు. కానీ ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, అది ఒక్క లైన్లో పట్టదు.

అదేంటంటే, హెలికాప్టర్ సిమ్యులేటర్ తయారుచేసేవాళ్లు, కొనేవాళ్లు, దానికి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు, ముగ్గురూ నలభై నాట్ల లోపల జరిగే సంగతి మీద ఇప్పటికంటే చాలా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. అక్కడ మోడల్ తప్పుతుంటే పైపైన ఒక గుణకం తగిలించి సర్దేయడం కాదు, గాలి లెక్కనే సరిచేయాలి.

నలభై నాట్లంటే గంటకు 74 కిలోమీటర్లు. మంచి రోడ్డు దొరికితే ఆర్టీసీ బస్సు పోయే వేగం. హెలికాప్టర్ మాత్రమే చేయగలిగిన పనులన్నీ ఈ వేగం లోపలే ఉన్నాయి. ఊరికే దూరం పోవాలంటే విమానం ఉంది కదా. గాల్లో ఒక్కచోట నిలబడాలన్నా, ఇంటి కప్పు మీదున్న మనిషిని తాడుతో లాగాలన్నా, బడి గ్రౌండులో దిగాలన్నా నెమ్మదిగానే పోవాలి. మనం హెలికాప్టర్‌ను ఎప్పుడు చూస్తాం? ఎలక్షన్ సభకు, మేడారం జాతరకు, వరదకు. జాతరకు హనుమకొండ నుంచి పైసలున్నోళ్లు అందులో వస్తారు, మనం కింద నిలబడి చూస్తాం. వరదప్పుడు మాత్రం అది మనకోసం వస్తుంది. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు భూపాలపల్లి జిల్లాకు హెలికాప్టర్లు వచ్చాయి. 2024 సెప్టెంబర్‌లో ఖమ్మం దగ్గర మున్నేరు బ్రిడ్జి మీద తొమ్మిది మంది చిక్కుకుంటే వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేకపోయింది, ఒక జేసీబీ డ్రైవర్ ప్రాణాలకు తెగించి వాళ్లను తెచ్చాడు. మనకు పనికొచ్చే హెలికాప్టర్ ఎప్పుడూ నెమ్మదిగా పోయే హెలికాప్టరే. దాన్ని నడిపే పైలట్ ఆ పనిలో కొంత సిమ్యులేటర్ మీద నేర్చుకుంటాడు. సిమ్యులేటర్ తప్పు చెబితే తప్పే చేతికి అలవాటవుతుంది. కాబట్టి ఇది గేమ్ కాదన్నా.

ఇప్పుడు లెక్కలోకి వస్తాను. ఇంటర్ ఫిజిక్స్ చాలు.

రోటర్ చేసే పని మన హాస్టల్ సీలింగ్ ఫ్యాన్ చేసే పనే, గాలిని కిందికి తోయడం. ఎంత గాలిని ఎంత జోరుగా కిందికి తోస్తే అంత బరువు లేస్తుంది. మన హెచ్ఏఎల్ ధ్రువ్‌నే తీసుకోండి. నిండు బరువు 5,500 కిలోలు, రోటర్ అడ్డం 13.2 మీటర్లు. గాల్లో కదలకుండా నిలబడాలంటే రోటర్ గుండా గాలి సెకనుకు 12.7 మీటర్ల వేగంతో కిందికి పోవాలి. అదే హెలికాప్టర్ ముందుకు కదిలితే రోటర్‌కు ఎప్పటికప్పుడు కొత్త గాలి అందుతుంది, అంత గట్టిగా తోయాల్సిన పని ఉండదు. ఎక్సెల్‌లో వేసి చూశాను. 10 నాట్లకు 12.2 మీటర్లు. 20 నాట్లకు 10.8. 40 నాట్లకు 7.4. 60కి 5.1. గాలిని తోయడానికి పట్టే పవర్ నిలబడ్డప్పుడు 685 కిలోవాట్లు అనుకుంటే 40 నాట్ల దగ్గర 400కి వచ్చేస్తుంది. పెద్ద మార్పంతా 10కీ 40కీ మధ్యే జరిగిపోతోంది చూడండి. పైలట్లు దీన్ని ఒంటితో పసిగడతారు. సుమారు 16 నుంచి 24 నాట్ల మధ్య హెలికాప్టర్ ఒక్కసారి తేలికపడి పైకి లేస్తుంది.

నేను వాడిన సూత్రం గ్లౌర్ట్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1926లో ఇచ్చింది. అప్పటికి సరిగా పనిచేసే హెలికాప్టరే లేదు. ఆయన రాసింది ఆటోజైరో కోసం. ఆ సూత్రమే ఇవాళ్టికీ సగం మోడళ్ల పునాదిలో ఉందంటే ఆయన గొప్పతనం ఒప్పుకోవాలి. కానీ అది చెప్పేది సగటు మాత్రమే. రోటర్ పళ్లెం అంతటా గాలి ఒకే వేగంతో దిగుతుందని అనుకుని చేసిన లెక్క. నిజంగా అట్లా ఉండదు.

మా అమ్మ చేటతో వడ్లు తూర్పార పట్టడం చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. గాలి వచ్చే వైపు ఒక తీరుగా ఉంటుంది, గింజల ధార దాటాక అదే గాలి ఇంకో తీరుగా ఉంటుంది. హెలికాప్టర్ నెమ్మదిగా ముందుకు పోతున్నప్పుడు రోటర్ ముందు అంచుకు తాజా గాలి తగులుతుంది. వెనక అంచుకు తగిలేది అప్పటికే కిందికి తోయబడ్డ గాలి. అందుకని ముందు భాగంలో బ్లేడు ఎక్కువ ఎత్తుతుంది, వెనక తక్కువ. అయితే తిరుగుతున్న బ్లేడు వెంటనే స్పందించదు, దాదాపు పావు చుట్టు ఆలస్యంగా లేస్తుంది. కాబట్టి ముందూ వెనకల తేడా కాస్తా పక్కకు ఒరగడంగా బయటపడుతుంది. 10, 20 నాట్ల మధ్య పైలట్ చేతికి వణుకు తెలుస్తుంది, పక్కకు పోకుండా సైక్లిక్ కర్రను పట్టి ఉంచాల్సి వస్తుంది. సగటు సూత్రం మీద కట్టిన మోడల్‌లో ఈ ఒరుగుడు సరిగా రాదు. 1972లో హారిస్ అనే అమెరికా ఇంజనీరు ఒక మోడల్ రోటర్‌ను విండ్ టన్నెల్‌లో పెట్టి కొలిచి చూపించాడు. తక్కువ వేగంలో రోటర్ పక్కకు ఒరిగేది అప్పటి మామూలు సూత్రాలు చెప్పినదానికంటే చాలా ఎక్కువ. బ్లేడు కొసల నుంచి వచ్చే సుడులు రోటర్ కిందే చుట్టుకుపోతున్నాయని, వాటి దారి కూడా లెక్కగడితే తప్ప కొలతతో కలవదని తర్వాత తేలింది.

టైమ్ సంగతి వేరే ఉంది. పైలట్ కలెక్టివ్ లాగగానే బ్లేడు కోణం మారుతుంది, కానీ గాలికి బరువుంది కదా, కొత్త వేగం అందుకోవడానికి దానికి కాస్త టైమ్ పడుతుంది. ఆ కాస్త టైమ్‌లో రోటర్ మామూలుకంటే ఎక్కువ ఎత్తుతుంది. 1953లోనే నాసాకు ముందున్న నాకా సంస్థవాళ్లు దీన్ని కొలిచారు. 1981లో పిట్, పీటర్స్ కలిసి దీన్ని చక్కటి సమీకరణాలుగా రాశారు. సగటు గాలి, ముందూ వెనకల తేడా, ఎడమా కుడీ తేడా. ఈ మూడూ టైమ్‌తో ఎట్లా మారతాయో చెప్పే మూడు సమీకరణాలు, అంతే. నా ప్రాజెక్టుకు పెట్టుబడి ఇదే.

ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇప్పుడు. 1990లలో మంచి మంచి సంస్థల మోడళ్లలో ఒక వింత తప్పు కనిపించింది. హెలికాప్టర్ గాల్లో నిలబడి ఉంది. పైలట్ కర్రను ముందుకు నెట్టాడు. ముక్కు దిగుతుంది, అది మోడల్ కూడా సరిగ్గానే చెప్పింది. దాంతోపాటు హెలికాప్టర్ కొంచెం పక్కకు కూడా ఒరుగుతుంది. మోడల్ ఒక పక్కకు అంటే, నిజం హెలికాప్టర్ రెండో పక్కకు ఒరిగింది! ఎంతో కొంత తేడా కాదు, దిక్కే తప్పు. ఏళ్ల తరబడి కారణం దొరకలేదు. కొందరు బ్లేడు వంగడం అన్నారు, కొందరు ఇంకోటన్నారు. సిమ్యులేటర్ నడవాలి కాబట్టి చాలామంది ఏదో ఒక సర్దుబాటు పెట్టుకుని పని కానిచ్చారు. చివరికి 1990ల మధ్యలో ఇజ్రాయెల్ టెక్నియాన్‌లో రోజెన్, ఇస్సర్ అనేవాళ్లు, ఆ వెంటనే అమెరికాలో కెల్లర్, అసలు సంగతి పట్టుకున్నారు. హెలికాప్టర్ ముక్కు దించేటప్పుడు కిందికి పోయే గాలి స్తంభం నిటారుగా ఉండదు, వంగుతుంది. వంగిన లోపలి వైపు సుడులు దగ్గరపడతాయి, బయటి వైపు ఎడంగా జరుగుతాయి. దాంతో రోటర్ మీద గాలి హెచ్చుతగ్గులు మారిపోతాయి. ఈ ఒక్క వంపును లెక్కలో కలపగానే దిక్కు సరిపోయింది.

సర్దుబాటుతో సరిపెట్టుకున్నవాళ్లకు ఇది ఎప్పటికీ దొరికేది కాదు. తప్పును కనపడనిచ్చి, ఎందుకొచ్చిందని వెంటపడ్డవాళ్లకే దొరికింది. గుణకాల మీద నాకున్న కోపం అక్కడి నుంచే వచ్చింది.

ఇక ప్రాణాలు తీసే భాగం. హెలికాప్టర్ దాదాపు నిటారుగా, కాస్త తొందరగా దిగుతోంది అనుకోండి. తను కిందికి తోసిన గాలిలోకి తనే దిగుతోంది. బ్లేడు కొసల దగ్గర ఆ గాలి గుండ్రంగా పైకి తిరిగి మళ్లీ రోటర్‌లోకే వస్తుంది. మేడారంలో హెలిప్యాడ్ దగ్గర నిలబడ్డవాళ్లకు గుర్తుంటుంది, దుమ్ము కింద నుంచి బయటికి పోయి, లేచి, మళ్లీ రోటర్ పైనుంచి దిగుతుంది. అది నేల తగిలి తిరిగే గాలి, ఇది పైన ఆకాశంలోనే జరుగుతుంది, కానీ తిరుగుడు అట్లాంటిదే. దీన్ని వోర్టెక్స్ రింగ్ స్టేట్ అంటారు, నేను సుడివలయం అంటాను. అందులో పడితే రోటర్ ఎంత తిప్పినా ఎత్తదు. కిందికి పోతుంటే ఎవరైనా కలెక్టివ్ పైకి లాగుతారు. లాగితే సుడిలోకి ఇంకా గాలి చేరుతుంది, అంతే.

2000 ఏప్రిల్ 8న అమెరికాలో అరిజోనా రాష్ట్రం మరానా దగ్గర వీ-22 ఓస్ప్రే కూలి 19 మంది మెరైన్లు చనిపోయారు. అది అచ్చంగా హెలికాప్టర్ కాదు, రెక్కల చివర రెండు రోటర్లు తిప్పుకునే విమానం, దిగేటప్పుడు హెలికాప్టర్‌లా దిగుతుంది. 40 నాట్ల లోపల నిమిషానికి 800 అడుగులకు మించి దిగకూడదని దానికి హద్దు. ఆ రాత్రి 2,000 అడుగులకు పైగా దిగింది. ఒక పక్క రోటర్ సుడివలయంలో చిక్కింది, రెండోది ఎత్తుతూనే ఉంది, విమానం తిరగబడింది. ఆ తర్వాతే పరీక్ష పైలట్లు బాగా ఎత్తుకు పోయి, ఎంత వేగంలో ఎంత జోరుగా దిగితే సుడి మొదలవుతుందో ఒక్కో చుక్కా కొలిచారు. ఆ పని ముందే చేసి ఉండాల్సింది కదా అని నాకు అనిపిస్తుంది.

ఇక్కడ సూత్రం సంగతి చూడండి. గాలి ఒకే దిక్కున పోతుంది అనుకుని కట్టిన సూత్రం అది. హెలికాప్టర్ నిటారుగా దిగే వేగం సున్నా నుంచి, ఆ 12.7కి రెండింతలు, అంటే సెకనుకు 25 మీటర్ల దాకా ఆ అనుకోవడమే చెల్లదు. సరిగ్గా ప్రమాదం ఉన్న చోట సూత్రం చేతులెత్తేస్తుంది. మరి సిమ్యులేటర్‌లో ఏం పెడతారు? చాలాచోట్ల విండ్ టన్నెల్ కొలతల చుక్కల మధ్య నుంచి ఒక నున్నటి గీత గీసి అదే వాడతారు. నిజం గాలి అక్కడ నున్నగా ఉండదు, దడదడలాడుతుంది, ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి ఉండదు. పైగా హద్దు అన్ని హెలికాప్టర్లకూ ఒకటి కాదు. చిన్న రాబిన్సన్ ఆర్22కి ఆ 12.7 స్థానంలో వచ్చేది 7.3 మాత్రమే. అంటే అది ఇంకా తక్కువ జోరుతో దిగినా సుడిలో పడుతుంది. ఒకదానికి కుట్టిన చొక్కా ఇంకోదానికి తొడిగితే ఎట్లా?

దీని వల్ల వచ్చే చిక్కు ఒకటి చెబుతాను. సుడిలోంచి బయటపడటానికి పాత పద్ధతి, కర్ర ముందుకు నెట్టి, కలెక్టివ్ దించి, వేగం తెచ్చుకోవడం. స్విట్జర్లాండ్ పైలట్ క్లాడ్ వుయిషార్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇంకోటి ఉంది. కలెక్టివ్ పెంచి, టెయిల్ రోటర్ తోసే వైపుకే పక్కకు ఒరిగి సుడి అంచు దాటడం. దీంట్లో ఎత్తు తక్కువ పోతుందని చెబుతారు. ఏది ఎప్పుడు మేలో పైలట్లు సిమ్యులేటర్‌లో చేసి చూసుకుంటే బాగుంటుంది కదా? కానీ మోడల్‌లో ఉన్నది ఒక నున్నటి గీత అయితే, ఆ సిమ్యులేటర్ చెప్పే జవాబు గాలి చెప్పింది కాదు, గీత గీసినవాడు చెప్పింది. దాన్ని నమ్మి నేర్చుకోవడం కంటే నేర్చుకోకపోవడమే నయం.

నేల దగ్గర సంగతి కొంచెం. నేల దగ్గరగా ఉంటే కిందికి పోయే గాలికి అడ్డం తగిలి రోటర్‌కు సాయం దొరుకుతుంది. 1955 నాటి చీజ్‌మన్, బెన్నెట్ సూత్రం ప్రకారం రోటర్ వ్యాసార్థమంత ఎత్తులో ఉంటే అదే పవర్‌కు సుమారు 6.7 శాతం ఎక్కువ ఎత్తు బలం, దానికి రెండింతల ఎత్తులో 1.6 శాతమే. బాగుంది, కానీ ఆ సూత్రంలో నేల అంటే చదునైన గట్టి నేల. మన దగ్గర హెలికాప్టర్ దిగే చోటు గుట్ట వాలు కావచ్చు, నీళ్లు నిండిన పొలం కావచ్చు, చుట్టూ మద్ది చెట్లు, ఇప్ప చెట్లు ఉన్న ఖాళీ జాగా కావచ్చు. నెమ్మదిగా ముందుకు కదిలితే ముందు వైపు నేల మీద ఇంకో సుడి పుడుతుంది, అది కూడా ఆ సూత్రంలో లేదు. ఎండాకాలం 40 డిగ్రీల్లో గాలి పలుచనై ఆ 12.7 కాస్తా 13.2 అవుతుంది. టెయిల్ రోటర్ మీదికి పక్కగాలి వచ్చి హెలికాప్టర్ గిర్రున తిరిగే ప్రమాదం ఇంకోటి. దాని మీద రాస్తే ఇంకో పోస్టు అవుతుంది.

మరి ఇన్నేళ్లుగా ఎందుకు సరిచేయలేదు? తెలివి లేక కాదు, కొలత దొరక్క. హెలికాప్టర్ వేగం చూపే మీటర్ గాలి ఒత్తిడి మీద పనిచేస్తుంది. ఆ ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. 100 నాట్ల దగ్గర ఉండే ఒత్తిడిలో 20 నాట్ల దగ్గర ఉండేది 25వ వంతు. పైగా రోటర్ గాలి మీటర్ గొట్టం మీద పడి గజిబిజి చేస్తుంది. అందుకని తక్కువ వేగం పరీక్షలకు ఒక పాత పద్ధతి వాడతారు. పొద్దున్నే గాలి లేని టైమ్‌లో రన్‌వే మీద ఒక కారు కొలిచిన వేగంతో పోతుంది, హెలికాప్టర్ దాని పక్కనే అదే వేగంతో పోతుంది. ఇది మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. ఇంత టెక్నాలజీ చివరికి ఒక కారు డ్రైవర్ మీద ఆధారపడిందా అని. కానీ ఆలోచిస్తే, ఆ కొలతలన్నీ చదును రన్‌వే మీద, నిశ్చలమైన గాలిలో తీసినవి. మోడల్ అక్కడ సరిపోయినంత మాత్రాన వాగు పక్కన, వానగాలిలో సరిపోవాలని లేదు.

సర్టిఫికెట్ పరీక్షల్లో తక్కువ వేగం అసలు లేదని నేను అనడం లేదు. ఉంది. ముందుకు, వెనక్కు, పక్కకు నెమ్మదిగా పోతూ కర్ర ఎక్కడ ఉండాలో సరిచూస్తారు. కానీ అది ఎక్కువగా నిలకడగా ఉన్నప్పటి చూపు. ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారే ఆ నాలుగైదు సెకన్లలో ఏం జరుగుతుందో అదే అసలు పరీక్ష కావాలి.

నాటో దేశాల పరిశోధకులు ఏవీటీ-296 అనే బృందంగా కూర్చుని హెలికాప్టర్ మోడళ్లను ఎట్లా మెరుగు చేయాలో 2021లో పెద్ద రిపోర్టు ఇచ్చారు. రకరకాల పద్ధతులు పోల్చి చూశారు. పైలట్ ఇచ్చే కదలికకు ఒక గుణకం, కొంత ఆలస్యం తగిలించడం ఒకటి. నిజం హెలికాప్టర్ కొలతలతో పోల్చి, మోడల్‌లో ఎంత బలం తక్కువైందో లెక్కగట్టి అంత కలపడం ఇంకోటి. అసలు భౌతిక లెక్కల్లోనే తప్పు వెతికి సరిచేయడం మరోటి. పనిని బట్టి పద్ధతి ఎంచుకోవచ్చని వాళ్ల ధోరణి. పెద్దవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు, వాళ్లను కాదనేంత చదువు నాకు లేదు. స్విచ్చులు, చెక్‌లిస్టులు నేర్పే సిమ్యులేటర్‌కు గుణకం సరిపోతుంది, ఒప్పుకుంటాను. తక్కువైన బలాన్ని లెక్కగట్టే పద్ధతి కూడా నాకు నచ్చుతుంది, ఎందుకంటే తప్పు ఏ వైపు ఉందో అది వేలు పెట్టి చూపిస్తుంది. కానీ గాల్లో నిలబడి మనిషిని లాగే పని నేర్పే సిమ్యులేటర్‌కు మాత్రం గుణకంతో ఆగిపోకూడదు. గుణకం కొలిచిన బరువుకే, కొలిచిన గాలికే పనిచేస్తుంది. కొలవని చోట ఏం చెబుతుందో ఎవరికీ తెలియదు, వరద వచ్చేది ఆ కొలవని చోటే.

ఖర్చు అంటారు. సుడుల దారి లెక్కగట్టడానికి ఒకప్పుడు కంప్యూటర్ చాలక, పైలట్ కదిపిన వెంటనే జవాబు వచ్చేది కాదు. ఇప్పుడు ఆ మాట చెప్పడం కష్టం. సిమ్యులేటర్ కిటికీలో చెట్టు ఆకులు ఊగడానికి పెట్టే కంప్యూటర్ బలంలో కొంత రోటర్ కింద గాలికి పెట్టొచ్చు. పైన పటారం లోన లొటారం అంటే ఇదే. బెంగళూరులో హెచ్ఏఎల్, కెనడా కంపెనీ సీఏఈ కలిసి పెట్టిన హాట్సాఫ్ అనే శిక్షణ కేంద్రంలో ధ్రువ్‌కు కూడా సిమ్యులేటర్ ఉంది. మన దేశపు హెలికాప్టర్, మన దేశంలోనే సిమ్యులేటర్. ధ్రువ్ కొలతలు మన కొండల్లో, మన ఎండలో, మన అడవి అంచుల్లో తీసి ఆ మోడల్‌కు ఇవ్వడానికి ఇంతకంటే వీలు ఎక్కడ దొరుకుతుంది? రన్‌వే కొలతలతో పాటు ఏజెన్సీలో ఒక వాలు జాగా, ఒక చెట్ల మధ్య జాగా ఎంచుకుని కొలవాలని నేనంటాను. ఇప్పుడు కారు కూడా అక్కర్లేదు. జీపీఎస్‌తో కదలిక, స్తంభానికి కట్టిన గాలి మీటర్లతో గాలి, రెండూ కలిపి చూడొచ్చు.

ప్రాజెక్టు పేరు చెప్పినప్పుడు మా కాలేజీలో ఒక సారు "మీవాళ్లకు పనికొచ్చేది ఏదైనా చెయ్, సోలార్ డ్రయర్ చెయ్" అన్నారు. సోలార్ డ్రయర్ మంచిదే, మా గూడెంలో ఇప్పపువ్వు ఆరబెట్టుకోవచ్చు. కానీ "మీవాళ్లకు" అన్న మాట దగ్గర నేను ఆగాను. హెలికాప్టర్ కింద నిలబడి చేతులు ఊపడమే మనవంతు, దాని లెక్క వేరేవాళ్లు చూసుకుంటారు అన్నట్టుంది ఆ మాట. వాగు పొంగితే గాలి ఎటు మళ్లుతుందో, గుట్ట పక్కన పొద్దున ఒక తీరు సాయంత్రం ఒక తీరు ఎట్లా వీస్తుందో మనకు తెలుసు. మోడల్‌లో లేనిది సరిగ్గా అదే.

నేను చేయబోయేది చాలా చిన్నది. ఫ్లైట్‌గేర్ అనే ఉచిత సిమ్యులేటర్ ఉంది, దాని కోడ్ ఎవరైనా తెరిచి చూడొచ్చు. అందులో హెలికాప్టర్ రోటర్ వివరాలు ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో ఉంటాయి. ముందుకు కదిలినప్పుడు ఎంత తేలికపడాలి అన్నది అక్కడ ఒక గుణకంగా రాసి ఉంది. మామూలు కంప్యూటర్ మీద నడవడానికి అట్లా రాశారు, వాళ్ల తప్పు పట్టను. ఆ గుణకం తీసి పిట్, పీటర్స్ మూడు సమీకరణాలు పెట్టి, 0 నుంచి 60 నాట్ల దాకా రెండిటినీ పక్కపక్కన నడిపి, అచ్చయిన కొలతలతో పోల్చాలని ప్లాన్. మా ల్యాబ్‌లో కంప్యూటర్లు పాతవి, అయినా ఈ మూడు సమీకరణాలను మోయగలవు. సుడివలయం దాకా నేను వెళ్లలేను, ఆ మాట రిపోర్టులో మొదటి పేజీలోనే రాస్తాను.

పైథాన్ వచ్చినవాళ్లు, లేదా నేర్చుకోవాలని ఉన్న తమ్ముళ్లు చెల్లెళ్లు ఇద్దరు ముగ్గురు కావాలి. పైసలు లేవు, పేరు మాత్రం రిపోర్టులో పెడతాను. గ్రూప్ టూ అన్నకు కూడా ఆహ్వానమే, ఆదివారం ఒక గంట చాలు. ఎక్సెల్ షీట్ గ్రూప్ ఫైల్స్‌లో పెట్టాను. బరువు, రోటర్ అడ్డం మారిస్తే మిగతావి అవే వస్తాయి. ముందు చేతక్‌తో చేసి చూడండి, 2,200 కిలోలు, 11 మీటర్లు. నిలబడ్డప్పుడు సెకనుకు 9.6 మీటర్లు రావాలి. వేరే ఏదైనా వస్తే స్క్రీన్‌షాట్ పెట్టండి, చూద్దాం.